ములుగు చెరువుల సీమలో మనవల దగ్గరికి: వసంత ప్రయాణానికి అమ్మమ్మలు, తాతయ్యలు చేసుకోవాల్సిన ఏర్పాట్లు

మా బిడ్డ కాపురం ములుగులో. మేముండేది మంచిర్యాలలో. ఏటా ఫాల్గుణం రాగానే నేనూ, మా ఇంటాయనా మనవడినీ మనవరాలినీ చూడడానికి వెళ్తాం. ఎన్నో ఏళ్లుగా వెళ్లి వస్తున్నాం కాబట్టి తోటివాళ్లు అడుగుతూనే ఉంటారు: ఎప్పుడు బయల్దేరాలి, ఏ చెరువు చూపించాలి, మోకాళ్ల నొప్పులతో తట్టుకోగలమా అని. అడిగిన ప్రతివారికీ ముక్కలుగా చెప్పే బదులు అన్నీ ఒక వరుసలో రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. మనం వెళ్లేది పిల్లల కోసం. చెరువులు ఆ తర్వాతే. ఈ వరుస తలకిందులైనప్పుడల్లా మా ప్రయాణం చెడింది. కింద రాసిన ఏర్పాట్లన్నీ పిల్లల నిద్ర, బడి, ఆకలి వేళలను బట్టి చేసినవే.

1. ముందు తేదీ, తర్వాతే టికెట్

వసంతం అనగానే చాలామంది ఉగాదికి వెళ్దామనుకుంటారు. ఉగాది ఏటా ఒకే తేదీన రాదు. 2026లో మార్చి 19న వచ్చింది, 2027లో ఏప్రిల్ 7న వస్తుంది. పండుగ ఏప్రిల్‌లో పడిన ఏడాది అప్పటికే ఎండలు ముదురుతాయి. అలాంటప్పుడు చెరువుల ప్రయాణం ముందే ముగించుకోవాలి. పండుగకు మళ్లీ వెళ్లాలనుకుంటే అప్పుడు ఇంటి పట్టునే ఉండాలి.

అన్నిటికన్నా అనుకూలమైన రోజులు మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైన తొలి వారం, పది రోజులు. పిల్లలు మధ్యాహ్నం భోజనానికల్లా ఇంట్లో ఉంటారు. సాయంత్రాలు మనవి. తెల్లవారుజామున ఇంకా చల్లగానే ఉంటుంది. మోదుగు పూత చివరి దశలో ఉంటుంది, ఇప్పపూలు రాలడం మొదలవుతుంది.

తేదీ ఖాయం చేసే ముందు ఈ నాలుగూ చూసుకోండి:

- ఇంట్లో పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాసే పిల్లలున్నారా? ఉంటే పరీక్షలయ్యాకే వెళ్లండి.
- మాఘమాసంలో వెళ్తున్నారా? వద్దు. రెండేళ్లకోసారి మేడారం జాతర అప్పుడే (2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది), మధ్య ఏడాదిలో మినీ జాతర. హనుమకొండ నుంచి ములుగు వెళ్లే 163వ జాతీయ రహదారే మేడారానికీ దారి. జాతరకు ముందూ తర్వాతా కూడా రద్దీ తగ్గదు.
- మహాశివరాత్రి ఉందా? ఆ రోజు రామప్ప గుడి దగ్గర పిల్లల చేయి వదలలేనంత జనం.
- మీరున్న రోజుల్లో కనీసం ఒక ఆదివారం పడుతోందా? పిల్లలతో పొద్దున పూట చెరువుకు వెళ్లడానికి అదొక్కటే వీలు.

2. బిడ్డతో, అల్లుడితో ముందే మాట్లాడాల్సినవి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. "మా పిల్లల ఇంటికి వెళ్లడానికి అడగడమేమిటి" అంటారు. వాళ్లిద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లయితే మార్చి నెల వాళ్లకు ఊపిరాడని నెల. వారం ముందు ఒకసారి ఫోను చేసి వీటిని తేల్చుకోండి:

1. పిల్లల పరీక్షల తేదీలు, బడి వేళలు.
2. బండి ఎవరు నడుపుతారు? అల్లుడికి సెలవు లేకపోతే తెలిసిన డ్రైవరు ఉన్నాడా?
3. వియ్యంకులు అదే ఇంట్లో ఉంటే వాళ్లూ చెరువుకు వస్తారా? వియ్యపురాలిని పిలవకుండా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లకండి. ఏడాది పొడుగునా ఆ పిల్లల్ని చూసుకునేది ఆవిడే.
4. పిల్లలకు ఈ మధ్య దగ్గు, జ్వరం వచ్చాయా? ఏమైనా పడడం లేదా?
5. చెరువు దగ్గర కాటేజీలో ఒక రాత్రి ఉండాలనుకుంటే గది ఇప్పుడే చూడాలి. లక్నవరంలో, రామప్పలో తెలంగాణ పర్యాటక సంస్థ హరిత వసతి గృహాలున్నాయి. వారాంతాల్లో అక్కడికి వెళ్లాక గది దొరుకుతుందని నమ్ముకోవద్దు.

3. సంచులు సర్దుకోవడం

రెండు సంచులు చాలు. పెద్దది సీటు కిందికి, చిన్నది ఒళ్లోకి. మందులెప్పుడూ ఒళ్లో సంచిలోనే ఉండాలి. ఒక ఏడాది మా ఇంటాయన బీపీ మాత్రలు పెద్ద సంచి అడుగుకు చేరాయి. ఆ సంచి బస్సు వెనక డిక్కీలో ఉంది. ములుగులో దిగేదాకా ఆయన మాత్ర వేసుకోలేకపోయారు. అప్పటి నుంచి మందుల డబ్బా నా చేతి సంచి దాటదు.

*ఒళ్లో సంచిలో:*

- ఉండే రోజులకు సరిపడా మందులు, మరో మూడు రోజులకు అదనంగా, డాక్టరు రాసిచ్చిన చీటీ
- ఆధార్ కార్డు
- రెండు సీసాల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు
- కళ్లజోడు, చిన్న టవలు, వాంతి సంచులు
- బిడ్డ, అల్లుడి ఫోను నంబర్లు రాసిన కాగితం. ఫోను ఆగిపోతే అదే దిక్కు.

*పెద్ద సంచిలో:*

- లేత రంగు నూలు బట్టలు, జారని అడుగున్న చెప్పులు, మందపాటి మేజోళ్లు (రామప్ప కోసం, కింద చెప్తాను)
- గొడుగు, పిల్లలకు టోపీలు
- దోమల మందు, టార్చిలైటు
- తినుబండారాల డబ్బాలు

తినుబండారాల గురించి కాస్త వివరంగా చెప్పాలి. సకినాలు, పప్పు చెక్కలు, నువ్వుల లడ్డూలు ప్రయాణానికి తట్టుకుంటాయి. సకినాలను గుండ్రటి స్టీలు డబ్బాలో పేర్చి, వరుసకీ వరుసకీ మధ్య కాగితం వేయండి. పైన ఖాళీ మిగిలితే మడిచిన నూలు గుడ్డ కుక్కండి. కదలకపోతే విరగవు. వేడి చల్లారకుండా మూత పెడితే మర్నాటికి మెత్తబడతాయి. వేయించాక కనీసం మూడు గంటలు ఆరనివ్వాలి. నాలుగేళ్ల లోపు పిల్లలుంటే పల్లీ పట్టీలు, విడి పల్లీలు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. నువ్వుల లడ్డూను చితిపి పెట్టండి.

ఖరీదైన బొమ్మలు కొనకండి. మా మనవడికి గుర్తున్నది నేను తీసుకెళ్లిన బ్యాటరీ కారు కాదు, తాతయ్య తాటాకుతో చేసిచ్చిన గాలిమర.

4. ప్రయాణం: ఏది ఎక్కాలి, ఎక్కడ దిగాలి

ములుగు పట్టణానికి రైలు లేదు. మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి, జమ్మికుంట వైపు వాళ్లకు కాజీపేట దాకా రైలే సుఖం. కాజీపేటలో దిగి ఆటోలో హనుమకొండ బస్టాండుకు, అక్కడ ములుగు లేదా ఏటూరునాగారం బస్సు. హనుమకొండ నుంచి ములుగు యాభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కరీంనగర్ వాళ్లు నేరుగా బస్సులో హనుమకొండ చేరవచ్చు. హైదరాబాదు వాళ్లకు ఉప్పల్ నుంచి బస్సులు ఎక్కువ.

వరుస ఇలా పెట్టుకోండి:

1. రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి దొరుకుతుంది. రెండు గంటల ప్రయాణమే కదా అని జనరల్ పెట్టెలో నిలబడకండి. పెద్దవాళ్లకు టికెట్ రాయితీ 2020 మార్చి నుంచి నిలిచిపోయింది. కానీ రాత్రి రైళ్లలో 60 దాటిన మగవారికి, 45 దాటిన ఆడవారికి కింది బెర్తు కోటా ఉంది. దూరం నుంచి వచ్చేవాళ్లు అది అడగాలి.
2. పొద్దున రైలే ఎక్కండి. మధ్యాహ్నం పన్నెండు దాటేలోపు ములుగులో ఉండేలా లెక్కవేసుకోండి.
3. తెలంగాణ ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి ప్రయాణం ఉచితం. అయినా ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకోవాల్సిందే. తాతయ్యలకు మామూలు టికెట్.
4. బస్సులో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య సీట్లు ఎంచుకోండి. వెనక సీట్లలో కుదుపు నడుముకు తగులుతుంది.
5. హనుమకొండలో అరగంట ఆగండి. మరుగుదొడ్డికి వెళ్లి, నాలుగు అడుగులు నడిచి, చల్ల తాగి అప్పుడు ఎక్కండి.

ములుగుకు కాస్త ముందు గుట్ట మీద గట్టమ్మ గుడి వస్తుంది. బస్సులో వాళ్లు దండం పెట్టుకుంటారు. అక్కడే బిడ్డకు ఫోను చేయండి. పావుగంటలో దిగిపోతారు.

5. చేరిన రోజు చెరువు వద్దు

దీనికి మినహాయింపు లేదు. మూడేళ్ల కిందట నేను ఉత్సాహం ఆపుకోలేక, దిగిన సాయంత్రమే అందరినీ లక్నవరం బయల్దేరదీశాను. దారిలో మిరపకాయ బజ్జీలు తిన్నాం. మనవరాలు వెనక సీట్లో తలవంచి ఫోనులో బొమ్మలు చూస్తోంది. చెరువు దారి మలుపుల్లో అంతా కక్కేసింది. చేరేసరికి చీకటి పడుతోంది. నీళ్లైనా సరిగ్గా కనిపించలేదు, పిల్ల ఏడుస్తూనే ఉంది.

మొదటి రోజు చేయాల్సింది ఇంతే: స్నానం, భోజనం, కాళ్లు గోడకు ఎత్తిపెట్టి గంటసేపు పడుకోవడం. సాయంత్రం పిల్లలు తమ వస్తువులన్నీ తెచ్చి చూపిస్తారు, చూడండి. రాత్రి ఒక కథ చెప్పండి. చిన్న పిల్లలు ఏడాది తర్వాత చూస్తున్నప్పుడు కొత్త చేస్తారు. వెంటనే ఎత్తుకోవద్దు. వాళ్ల పక్కన నేల మీద కూర్చుంటే పదినిమిషాల్లో వాళ్లే ఒళ్లోకి వస్తారు.

6. ఏ చెరువుకు ఏ పూట

ఒక రోజుకు ఒక చెరువే. లక్నవరం, రామప్ప, పాకాల మూడూ ఒకే రోజు చుట్టి వచ్చామని గొప్పగా చెప్పేవాళ్లున్నారు. వాళ్ల వెంట పిల్లలు లేరు.

*లక్నవరం, ఆదివారం పొద్దున.* ములుగు నుంచి ఏటూరునాగారం దారిలో చల్వాయి దగ్గర కుడివైపు తిరిగి బుస్సాపూర్ మీదుగా వెళ్లాలి. ఇంట్లో ఆరింటికి బయల్దేరితే ఏడు లోపు అక్కడుంటారు. ఆ వేళకు గుట్టల నీడ ఇంకా నీళ్ల మీదే ఉంటుంది.

వేలాడే వంతెన మీద పిల్లలు భయపడితే లాక్కెళ్లకండి. ముందు ఒడ్డున నిలబడి, జనం నడుస్తుంటే వంతెన ఎలా ఊగుతుందో చూపించండి. తర్వాత మీరు తీగల కంచె వైపు, పిల్ల లోపలి వైపు ఉండేలా చేయి పట్టుకుని పది అడుగులు వేయండి. అక్కడ ఆగి, "తిరిగి వెళ్దామా, ముందుకా" అని వాళ్లనే అడగండి. మా మనవడు రెండేళ్లు తిరిగి వెళ్దామనే అన్నాడు. మూడో ఏడు నన్ను వెనక వదిలి దాటాడు. తల తిరిగే జబ్బున్న పెద్దలు ఒడ్డునే కూర్చోవచ్చు, కూర్చున్న చోటి నుంచే దీవులు కనిపిస్తాయి.

పడవ ఎక్కితే లైఫ్‌జాకెట్ లేకుండా వద్దు. పిల్లలకు వాళ్ల కొలతదే అడగండి. తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది వదులు, మార్చమనాలి.

*రామప్ప, బడి ఉన్న రోజు సాయంత్రం.* ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరగాలి. గుడి పాలంపేటలో ఉంది, చెరువు అక్కడికి దగ్గరే. నాలుగున్నరకు బయల్దేరండి. అంతకుముందే వెళ్తే గుడి రాళ్లు అరికాళ్లు మోపనివ్వవు. మందపాటి మేజోళ్లు తెమ్మన్నది ఇందుకే. చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారినవాళ్లకు కాలిన సంగతి తెలియదు, వాళ్లకు మేజోళ్లు తప్పనిసరి.

1213 నాటి గుడి అనీ, 2021లో యునెస్కో జాబితాలో చేరిందనీ పిల్లలకు ఉపన్యాసం ఇవ్వకండి. పీఠం చుట్టూ చెక్కిన ఏనుగుల వరుస దగ్గర నిలబెట్టి లెక్కపెట్టమనండి. పెద్దపిల్లలకైతే, శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేటంత తేలికైనవని చెప్పండి. మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. తర్వాత చెరువు కట్ట మీద కూర్చుని పులిహోర తిని, పూర్తిగా చీకటి పడకముందే బయల్దేరండి.

*పాకాల.* ఇది దూరం. ములుగు నుంచి మల్లంపల్లి, నర్సంపేట మీదుగా వెళ్లాలి. అయిదేళ్లు దాటిన పిల్లలుంటేనే పెట్టుకోండి. అది అభయారణ్యం, గోల చేయకూడదు. మొసళ్లున్న చెరువు, అంచుకు వెళ్లకూడదు. పక్షులను చూసే ఓపికున్న పిల్లలకు మాత్రం ఇదే అన్నిటికన్నా నచ్చుతుంది.

నడవలేని రోజు వస్తే బాధపడకండి. ఊరి చెరువు కట్ట చాలు. నిరుడు నాకు మోకాలు వాచి రెండు రోజులు ఎటూ వెళ్లలేకపోయాను. ఆ సాయంత్రాలు ఊరి కట్ట మీదే గడిపాం. కొంగ చేపను పట్టడం పిల్లలు అక్కడే చూశారు.

7. మార్చి నెల చెరువు: ఒడ్డున జాగ్రత్తలు

వర్షాకాలం చెరువు వేరు, వసంతంలో చెరువు వేరు. యాసంగి పంటకు నీళ్లు వదులుతారు కాబట్టి నీటి అంచు వెనక్కి పోతుంది. శిఖం, అంటే చెరువు లోపలి నేల, బయటపడుతుంది. పైకి ఎండి పగుళ్లిచ్చిన నేలలా కనిపిస్తుంది. కానీ నీటికి దగ్గరవుతున్నకొద్దీ ఆ పెచ్చు కింద బురద ఉంటుంది. పిల్లవాడు పరుగెత్తితే మోకాలి లోతు దిగబడతాడు. లాగబోయిన మనమూ దిగబడతాం.

గుర్తుపట్టేది ఇలా: పగుళ్ల మధ్య మట్టి లేత బూడిద రంగులో, అంచులు పైకి లేచి ఉంటే గట్టిది. రంగు నల్లగా మారి, పగుళ్లు సన్నబడి, పశువుల గిట్టల గుర్తుల్లో నీళ్లు నిలిచి కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి.

- కట్ట దిగకముందే హద్దు చెప్పండి: "ఆ రాయి దాకానే."
- తూము దగ్గరికి, మత్తడి (అలుగు) మీదికి ఎవరూ వెళ్లొద్దు. తూము లోపలికి నీరు లాగుతుంది, పైకి నిశ్చలంగానే ఉంటుంది.
- ఇద్దరు పిల్లలకు ఇద్దరు పెద్దలు. ఫొటో తీసేవాళ్లను కాపలా లెక్కలో కలపొద్దు.
- కోతులు కనిపిస్తే తిండి సంచి బండిలోనే ఉంచండి. పిల్లల చేతిలో అరటిపండు ఉండకూడదు.
- తెల్లవారుజామున అడవి దారిలో బండి ఆపి దిగకండి. ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు వాటి కోసం చెట్ల కిందికి వస్తాయి.
- అడవిలో ఫోను పలకని చోట్లుంటాయి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. అత్యవసరమైతే 108 లేదా 112.

8. మోదుగు పూల రంగు: మధ్యాహ్నం పూట పని

పన్నెండున్నరకు పిల్లలు బడి నుంచి వస్తారు. నాలుగింటిదాకా బయటికి పంపే వీలులేదు. అప్పుడు ఫోను చేతికి పోకుండా ఉండాలంటే చేతికి పని ఉండాలి.

1. పొద్దున పొలం గట్ల మీద రాలిన మోదుగు పూలు ఏరుకురండి. అభయారణ్యంలో వద్దు. చెట్టు మీదివి కోయనక్కర్లేదు.
2. నల్లటి తొడిమలు గిల్లేసి, నారింజ రంగు రేకులు మాత్రం ఉంచండి. ఈ పని పిల్లలది.
3. రెండు దోసిళ్ల రేకులకు లీటరు నీళ్లు పోసి, పది, పదిహేను నిమిషాలు మరిగించండి. పొయ్యి దగ్గర పెద్దవాళ్లే ఉండాలి.
4. రాత్రంతా అలాగే ఉంచి పొద్దున వడకట్టండి.

రంగు పలచగా వస్తే రేకులు తక్కువైనట్టు, లేదా ఎండిపోయినవి ఏరినట్టు. హోళీ అయిపోయినా ఫర్వాలేదు. తెల్ల చేతిరుమాలు ముంచి ఆరేస్తే పసుపు నారింజ రంగు పట్టుకుంటుంది. మా మనవరాలు అద్దిన రుమాలు నా కళ్లజోడు డబ్బాలో ఉంది.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

*బండిలో వాంతులు:* బయల్దేరే గంట ముందు ఇడ్లీ లాంటి తేలిక తిండి. ఫోను చూడనివ్వకుండా కిటికీ లోంచి దూరంగా ఉన్న చెట్లను చూపించండి.

*ఎండ దెబ్బ:* పిల్ల నీరసంగా వాలిపోతే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, ఓఆర్‌ఎస్ గుక్కలు గుక్కలుగా పట్టించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. చెంచా చిన్నదై ఉండాలి. తేరుకోకపోతే, మాటలు తడబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

*పెరుగన్నం పులిసిపోవడం:* మార్చిలో చెరువుకు కట్టుకెళ్లాల్సింది పులిహోర. పెరుగన్నం ఇంట్లోనే. విస్తరాకులు తీసుకెళ్లండి, తిన్నాక వాటినీ మిగతా చెత్తనూ సంచిలో వేసి వెనక్కి తెచ్చేయండి.

*తల్లిదండ్రుల మాట కాదనడం:* పిల్లలకు చల్లటి పానీయం వద్దని మన బిడ్డ అంటే మనం చాటుగా కొనివ్వకూడదు. ఈ విషయంలో నేను తప్పు చేశాను, రెండు రోజులు బిడ్డ నాతో ముభావంగా ఉంది. పిల్లల ముందే బిడ్డకు తప్పు ఒప్పుకున్నాక ఇల్లు మామూలైంది.

10. తిరుగు ప్రయాణం

వారం, పది రోజులు చాలు. బయల్దేరే రోజు పిల్లలకు రెండు రోజుల ముందే చెప్పండి. బడికి వెళ్లినప్పుడో, నిద్రలో ఉన్నప్పుడో వెళ్లిపోవద్దు. లేచాక ఇల్లంతా వెతుకుతారు, మరుసటి ఏడు మీరు గుమ్మంలోకి రాగానే "ఎప్పుడు పోతావు అమ్మమ్మా" అని అడుగుతారు. నన్ను అడిగారు.

బడి లేని రోజు పొద్దున బస్సు చూసుకోండి. పిల్లల్ని బస్టాండు దాకా రానివ్వండి. కిటికీ పక్క సీటు పట్టుకుని, ఖాళీ అయిన సకినాల డబ్బా మనవడి చేతికివ్వండి. మా వాడు దాన్ని చెరువు గట్టున ఏరిన గులకరాళ్లతో నింపి, మేము మళ్లీ వచ్చేదాకా మంచం కింద దాచి పెడతాడు.